తెర మూలకే చూసే మనిషి

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. నాచారంలో ఆ సందు మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో ఆయన కళ్ళు నిజంగానే చారెడున్నాయి. ఏదో చిన్న ఫోటోని పట్టుకుని అడ్డంగా సాగదీసినట్టున్నారు. చేతిలో టెంపరేచర్ గన్ను, కరోనా రోజుల్లో షాపుల ముందు నుదుటికి గురిపెట్టేవారే, అది. వెనకాల రంగురంగుల లైట్లు వెలుగుతున్న గాజు పెట్టె, అంటే ఆయన కంప్యూటర్. కింద పెద్దక్షరాలతో 'మృదుభాషి, స్నేహశీలి, కంప్యూటర్ కళానిధి' అని రాసి, దాని కింద నల్ల కళ్ళద్దాల మనుషుల ఫోటోలు వరసగా పేర్చారు.

మృదుభాషి దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి.

"పదవే. దినాలకొచ్చి, ఇంటి ముందు ఆ మొహమేంటి?" అన్నాడు మా ఆయన.

నా మొహం అంతే. ఆ మనిషంటే నాకు రోత. పోయాడని తెలిసిన రోజు కూడా ఆ రోత పోలేదు. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు కదా, బతికున్నప్పుడు మాట్లాడనిచ్చారా ఎవరైనా? "అన్న మస్తు తెలివైనోడు" అని ఒకళ్ళు, "చేతిలో విద్య ఉంది, కాస్త పిచ్చి ఉంటే ఉండనీ" అని మా ఆయనా. ఆ పిచ్చి ఎవరి నెత్తిన పడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది పెళ్ళి వీడియోల పని. గుంటూరు వైపు నుంచి వచ్చి ఉప్పల్లో ఒక గదిలో స్టూడియో పెట్టుకున్నాం. మా ఆయన కెమెరా పట్టుకుంటాడు, నేను మిక్సింగ్ చేస్తాను. అంటే రాత్రీ పగలూ తీసుకొచ్చిన వీడియోనంతా కత్తిరించి, అతికించి, పాటలు కలిపి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడగలిగే పెళ్ళిగా చేయడం. కంప్యూటర్ మొరాయిస్తే మా బతుకు మొరాయించినట్టే. అలా మొరాయించిన ఒక రోజున ఎవరో ఆయన్ని పట్టుకొచ్చారు.

ఆయన ఉద్యోగం నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఏసీ ప్లాంటు చూసుకోవడం. ప్రాణం మాత్రం ప్రాసెసర్ల మీద. ప్రాసెసర్ కంప్యూటర్‌కి మెదడు. తయారుచేసిన కంపెనీ దానికి ఇంత వేగం అని కట్టి పంపుతుంది. దాన్ని అంతకు మించి పరిగెత్తించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. పరిగెత్తిస్తే వేడెక్కుతుంది. ఆ వేడిని లాగేయడానికి ఫ్యాన్లు, నీళ్ళ గొట్టాలు, రేడియేటర్లు, పేస్టులు, ఇదంతా మళ్ళీ ఇంకో శాస్త్రం. కొత్త ప్రాసెసర్ బజార్లోకి వస్తే చాలు, ఆయన ఇంట్లో మొదటి పూజ దాని గ్యారంటీ పోగొట్టడం. బ్లేడుతో దాని పైమూత ఊడదీసేవాడు.

"కంపెనోడు వెట్టిన స్పీడు పిరికోళ్ల స్పీడు చెల్లె," అనేవాడు నాతో. "మీరు గుంటూరోళ్లు నాలుక మండంగ కారం తింటరు, కంప్యూటర్‌ను మాత్రం సప్పగ నడుపుతరు. ఏంది గీ అన్యాయం?"

మొదట్లో నవ్వాను. నవ్వకపోతే ఆయన ఊరుకునేవాడు కాదు, నవ్వేదాకా అదే మాట తిప్పి తిప్పి చెప్పేవాడు.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఆ గన్ను ఉండేది. లోపలికి వస్తూనే ముందు కంప్యూటర్‌కి, తర్వాత గోడకి, తర్వాత టీ గ్లాసుకి గురిపెట్టి అంకె చదివేవాడు. "యాభై ఎనిమిది. జర ఆగాలె." ఆగేవాడు. మళ్ళీ పెట్టేవాడు. "నలభై తొమ్మిది. ఇగ తాగొచ్చు." ఒకసారి స్టూడియోకి డబ్బున్న పెళ్ళివారు వచ్చి కూర్చున్నారు. ఈయన చెప్పా పెట్టకుండా పెళ్ళికొడుకు మేనత్త నుదుటికి గురిపెట్టి "ముప్పై ఆరు" అన్నాడు. ఆవిడ హడలిపోయి బొట్టు తడుముకుంది. ఆ పెళ్ళి మాకు రాలేదు.

ఇంకో రోత పేస్టు. ప్రాసెసర్ మీద బూడిద రంగు పేస్టు ఒకటి రాస్తారు, వేడి దిగడానికి. మనిషన్నవాడు గ్లవుసు వేసుకుంటాడు, లేదా వేలికి పాలిథీన్ కవరు చుట్టుకుంటాడు. ఈయన ఉత్త చూపుడు వేలితో, కాటుక పెట్టినంత ముచ్చటగా రాసి, మిగిలింది బనీను అంచుకి తుడిచి, అదే చేత్తో మిర్చి బజ్జీ అందుకునేవాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ బూడిద రంగే. నేను సబ్బు చూపిస్తే "గిది విషం గాదు చెల్లె" అని బజ్జీ కొరికేవాడు. ఆ ప్లేటులో మిగిలిన బజ్జీలు మా ఆయన తినేవాడు, స్నేహధర్మం. నేను ముట్టేదాన్ని కాదు.

ఇవన్నీ సరే, భరించవచ్చు. నాకు అసలు కంపరం ఎత్తించింది ఆయన చూపు. తెర మీద ఏమున్నా ఆయన దాన్ని చూసేవాడు కాదు. పైన కుడి మూలలో ప్రాసెసర్ ఎంత వేడి మీదుందో చిన్న అంకె ఒకటి పెట్టుకునేవాడు. కళ్ళు అక్కడే. మధ్యలో పెళ్ళికూతురు తలంబ్రాలు పోస్తున్నా, ఎవరో ముసలాయన కళ్ళు తుడుచుకుంటున్నా, వంటశాలలో పప్పు గుండిగ దింపుతున్నా ఆయనకి ఒకటే. "అరవై మూడు... అరవై నాలుగు... ఆగు ఆగు, దిగుతుంది." నేను మిక్సింగ్ చేస్తుంటే నా వెనక నిలబడి కూడా మూలకే చూసేవాడు. వీడియో ఎలా ఉందన్నయ్యా అని ఒకసారి అడిగాను. "ఏం వీడియో?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే ఆయనకి తెలియదు.

ఒక ఎండాకాలం, అంతకు ముందెప్పుడో బాగుచేయడానికి ఇచ్చిన హార్డ్ డిస్క్ తెచ్చుకుందామని నాచారంలో వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదులు. ముందు గది మీద రేకులు, వెనక గది మీద స్లాబు. ఏసీ ఒక్కటే, అది వెనక గదిలో. ఏసీ మూతికి మెత్తటి గొట్టం తగిలించి, దాని రెండో కొసని కంప్యూటర్ పెట్టెలోకి దూర్చాడు. ఆ గదిలో కూడా చల్లదనం మనిషికి తగలదు, నేరుగా ప్రాసెసర్ నోట్లోకే. ఆవిడ, అంటే ఆయన భార్య, ముందు గదిలో రేకుల కింద చాప మీద పడుకుని ఉంది. మొహం ఎర్రగా కాగిపోతోంది.

"జ్వరమా వదినా?" అని చెయ్యి పట్టుకోబోయాను.

ఈలోగా ఆయన వెనక గదిలోంచి వచ్చి ఆవిడ నుదుటికి గన్ను పెట్టాడు. "ముప్పై తొమ్మిది," అన్నాడు నాతో, గర్వంగా. మన జ్వరం లెక్కలో నూట రెండు. "గిది పైన తోలు మీదిది చెల్లె. లోపట ఇంక ఎక్కువుంటది. ప్రాసెసర్ గూడ గంతే, మూత మీద సూస్తె మోసపోతం."

చెప్పి లోపలికి పోయాడు. పోతూ పోతూ, "ఇగో, ఫ్రిజ్ బంద్ జెయ్యి జర. టెస్ట్ నడుస్తుంది, ఫ్యూజ్ కొడ్తది," అన్నాడు. జ్వరంతో ఉన్న మనిషి లేచి వెళ్ళి ఫ్రిజ్ ఆపింది. ఆ ఫ్రిజ్‌లో పైఅర నిండా నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఉంటాయి, రేడియేటర్ బకెట్‌లో వేయడానికి. తడిగుడ్డ వేద్దామని నేను ఒకటి తీయబోతే ఆవిడే వద్దంది. "లెక్కుంటది వదినె ఆయనకు. రాత్రికి గావాలంటడు."

గుడ్డ కుళాయి నీళ్ళతోనే తడిపి నుదుటి మీద వేసి, మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చిచ్చి వచ్చాను. వెనక గదిలోంచి ఏదో పాట వినిపిస్తూనే ఉంది, అయిపోగానే మళ్ళీ మొదటికి. కొత్త ప్రాసెసర్‌ని పరీక్షించేటప్పుడు ఏదో ఒక పెద్ద వీడియో ఆగకుండా ఆడిస్తారని నాకు తెలుసు. ఏసీ రొదలో పాటేమిటో తెలియలేదు. తెలుసుకోవాలన్న ధ్యాస కూడా లేదు, ఒళ్ళు మండిపోతోంది.

ఆ ఎండాకాలానికి కొంచెం ముందే మా పని ఒకటి ఆయన చేతుల్లో నాశనమైపోయింది. అది చెప్పాలి.

అప్పుచేసి స్టూడియోకి కొత్త కంప్యూటర్ కొన్నాం. అప్పటికి వచ్చినవాటిలో మంచి ప్రాసెసర్. సామాన్లు తెచ్చి బిగించింది ఆయనే, బాగా బిగించాడు, కాదనను. "స్పీడు పెంచొద్దన్నయ్యా, ఉన్నది మాకు చాలు," అని చేతులు పట్టుకుని మరీ చెప్పాను. సరే సరే అన్నాడు. తర్వాత వారం నేను మా చెల్లెలి పురుడని ఊరెళ్ళిన రోజు చూసి మా ఆయన దగ్గర చేరాడు. స్పీడు పెంచితే నేను గంటల తరబడి కూర్చునే పని అరపూటలో అయిపోతుందని ఊరించాడు. మా ఆయన మెత్తని మనిషి, మెత్తని చోట గుద్దడం ఈ కళానిధికి తెలుసు. తాళం చేతికిచ్చి, మా ఆయన ఇంకో పెళ్ళి మాట్లాడుకోవడానికి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేసరికి స్పీడు పెరిగి ఉంది. ప్రాసెసర్‌తో పాటు, లోపలికీ బయటికీ సరుకు చేరవేసే మెమరీని కూడా పరిగెత్తించాడు. "సూడు తమ్మీ, అరవై ఒకటి దాటలే," అని మూల చూపించి వెళ్ళాడు. ముందు రోజే నారపల్లిలో ఒక పెళ్ళి చేసొచ్చాం, ఆ కెమెరా కార్డులు బల్ల మీదే ఉన్నాయి. మా ఆయన వాటిని కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేశాడు.

మా పనివాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. ముహూర్తాల రోజుల్లో కార్డులకి తీరిక ఉండదు. కాపీ అయ్యాక ఫైళ్ళ సైజు సరిపోయిందా లేదా చూస్తారు, మొదటి ఫైలు తెరిచి వినాయకుడి పూజ కనిపిస్తే దండం పెట్టుకుంటారు, కార్డు తుడిచేసి తర్వాతి పెళ్ళికి పోతారు. మా ఆయన కూడా అంతే. సైజు సరిపోయింది, వినాయకుడు కనిపించాడు, కార్డులు తుడిచాడు.

నేను ఊరి నుంచి వచ్చి మిక్సింగ్‌కి కూర్చున్నాను. ఎదురుకోళ్ళ దగ్గర తెర మీద పచ్చగీతలు. జీలకర్ర బెల్లం దగ్గర పెళ్ళికొడుకు మొహం ముక్కలు ముక్కలు. అప్పగింతల ఫైలు తెరిస్తే ఒక ముసలావిడ నోరు తెరిచి ఆగిపోయింది, చిటపటమని చప్పుడు, ఆ తర్వాత అంతా నలుపు. అప్పుడు అర్థమైంది. మెమరీ తట్టుకోలేని వేగంతో పరిగెడుతూ, కాపీ అయ్యేటప్పుడు సరుకుని తప్పుల తడకగా అప్పజెప్పింది. సంచి సైజు సరిగ్గానే ఉంది, లోపల బియ్యం మాత్రం మట్టి.

పెళ్ళికూతురి తల్లికి కబురు చేశాం. తిడుతుంది, డబ్బు వెనక్కిమ్మంటుంది అనుకున్నాం. ఆవిడ నారపల్లి నుంచి బస్సులో వచ్చి, చెప్పులు గుమ్మం బయట విప్పి, మా స్టూడియోలో కింద కూర్చుంది.

"పెండ్లి పోతె పోనియ్యి బిడ్డా," అంది. "ఫోన్లల్ల ఫోటోలున్నయి. మా అవ్వ పాట ఒక్కటి గావాలె."

ఆవిడ అవ్వ అన్నది వాళ్ళమ్మని, ఆ ఆగిపోయిన ముసలావిడని. ఆ పాట ఆమె సొంతంగా కట్టింది, ఈవిడ పెళ్ళికి. తర్వాత ఇంట్లో ఏ ఆడపిల్లని అత్తారింటికి పంపినా గుమ్మంలో నిలబడి వియ్యపురాలి చెయ్యి పట్టుకుని అదే పాడేది. అప్పగింతలప్పుడు తప్ప ఇంకెప్పుడూ నోటికి తెచ్చేది కాదు, ఉత్తపుణ్యానికి పాడితే ఇంట్లో పిల్లని సాగనంపినట్టవుతుందని. మనవరాలి పెళ్ళైన నాలుగోనాటికి ఆమెకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

"మరి మీకెవరికీ రాదా అమ్మా?"

"ఎట్లొస్తది? అది పాడినప్పుడల్ల అందరం ఏడ్సుడే. నా పెండ్లప్పుడు నేనేడ్సిన, నా బిడ్డ పెండ్లప్పుడు గూడ నేనే ఏడ్సిన. ఎవరిన్నరు బిడ్డా పాట? రెండు ముక్కలు యాదికున్నయి, గంతే. చిన్నదానికి సంబంధం కుదిరింది. గీ పాట లేకుండ దాన్ని పంపుతె మా అవ్వ పానం ఒప్పది."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఆయన్ని పిలిపించాం. వస్తూనే పెట్టెకి గన్ను గురిపెట్టాడు. "యాభై తొమ్మిది. నా తప్పేం లేదు. వేడెక్కనే లే."

"వేడి కాదన్నయ్యా. పాడైంది మెమరీ వల్ల. మీరు స్పీడు పెంచబట్టే."

"నీ కార్డులు డూప్లికేట్ మాల్ చెల్లె."

"ఆ కార్డుల్లోనే తర్వాత రెండు పెళ్ళిళ్ళు తీశాం. పాత కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే బ్రహ్మాండంగా వచ్చాయి."

"అయితె కేబుల్."

అప్పుడు బతిమాలాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోటికే రోత. "అన్నయ్యా, ఆ రోజు కార్డులు ఇక్కడే ఉన్నాయి. మీరు పరీక్ష చేసేటప్పుడు ఏదైనా ఒక్క ఫైలు వాడారా? మీ దగ్గర ఎక్కడైనా మిగిలిందా? ఒక్క అప్పగింతల ముక్క చాలు. ఒక ముసలావిడ పాట."

తెర మూల నుంచి చూపు తిప్పకుండానే, "పెండ్లి వీడియోలు నా దగ్గరెందుకుంటయి చెల్లె? నేనేమన్న పెండ్లిళ్లు సూసెటోన్నా?" అన్నాడు. తర్వాత ఒక్క క్షణం ఆగాడు. ఏదో గుర్తొచ్చిందనుకున్నాను. "అరవై," అన్నాడు. "నువ్వు కిటికీ తెరిచినవు."

ఆ రోజు నుంచి ఆయన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. నారపల్లి ఆవిడ చిన్నమ్మాయి పెళ్ళి ఒకసారి మంచిరోజు లేదని, ఒకసారి ముసలావిడకి ఒంట్లో బాగాలేదని వాయిదా పడుతూ వచ్చింది. ఆ తల్లి మాత్రం ఉప్పల్ వైపు వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచి తొంగిచూసి "ఏమన్న దొరికిందా బిడ్డా?" అని అడిగి పోయేది. ఆవిడ చెప్పుల చప్పుడు వింటే నేను హెడ్‌ఫోన్లు పెట్టేసుకునేదాన్ని.

ఇదిగో, ఇది మనసులో పెట్టుకుని దినాలకు వెళ్ళాను.

టెంటు కింద ఆయన శిష్యులు పెద్ద టీవీ పెట్టారు. ఆయనకి యూట్యూబ్‌లో ఛానల్ ఉందని, కొత్త ప్రాసెసర్ల పరీక్షలు అందులో పెడతాడని వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు. నివాళిగా వాటిలో ఒకటి వేశారు. భోజనాలు నడుస్తున్నాయి. నేను విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్నాను. ఆయన గొంతు మోగింది. "తమ్ముళ్లూ, గిది కొత్త ప్రాసెసర్. మూత తీసినం. సూడున్రి దీని దమ్ము..." ఆ గొంతు కింద, చాలా కింద, ఇంకో గొంతు.

*పొద్దెక్కి లేస్తది మా పిల్ల వియ్యపురాలా...*

తలెత్తాను. తెర మీద నారపల్లి పెళ్ళి. గుమ్మంలో ముసలావిడ, వియ్యపురాలి చెయ్యి రెండు చేతుల మధ్య పట్టుకుని. పచ్చగీత లేదు, మచ్చ లేదు. పై మూలలో ఎర్రగా అంకె.

"అది మన షాటే," అన్నాడు మా ఆయన. చేతిలో ముద్ద అలాగే ఉంది.

ఎలా జరిగిందో అక్కడ కూర్చునే అర్థమైంది. ఆ రోజు స్పీడు పెంచకముందు, మామూలు వేగంలో ఎంత సేపు పడుతుందో చూడటానికి కార్డులోంచి ఒక ఫైలు తీసి ఉంటాడు. అన్నిటికన్నా పెద్దది అప్పగింతలది. అప్పటికి మెమరీ మామూలుగానే నడుస్తోంది కాబట్టి ఆ ఒక్కటీ శుభ్రంగా వచ్చింది. ఇంట్లో పరీక్షలకి పనికొస్తుందని తన డిస్క్‌లో వేసుకుపోయాడు. నేను బతిమాలినప్పుడు అబద్ధం కూడా ఆడలేదు. తన దగ్గరున్నది పెళ్ళని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఎన్నెన్ని రోజులు ఆ పాట ఆ గదిలో ఆడిందో, ఒక్కసారి వినలేదు. దొంగని తిట్టొచ్చు, అబద్ధాలకోరుని తిట్టొచ్చు. ఇలాంటివాణ్ణి ఏమని తిడతారు? విస్తరి మడిచేశాను.

టీవీలో పాట నడుస్తోంది.

*తట్టి లేపు, కొట్టి లేపకు వియ్యపురాలా
ఉప్పు మరుస్తది కూరలో వియ్యపురాలా
నవ్వి చెప్పు, నలుగుర్ల చెప్పకు వియ్యపురాలా
అలిగితె అన్నం ముట్టది మా పిల్ల వియ్యపురాలా...*

చివరి పాదం దగ్గర ముసలావిడ నోరు తెరిచింది. "అరె దిగింది! డెబ్బై ఒకటి! డెబ్బై ఒకటి తమ్ముళ్లూ!" అని ఆయన అరిచాడు. శిష్యులు చప్పట్లు కొట్టారు. పాట అయిపోయింది.

లేచి లోపలికి వెళ్ళాను. ఆవిడ ముందు గదిలో, అదే రేకుల కింద, గోడకి ఆనుకుని కూర్చుంది. వెనక గది తలుపు తీసి ఉంది. ఏసీ గొట్టం నేల మీద పడుంది. కంప్యూటర్ లేదు.

"వదినా, ఆయన డిస్క్ ఏది?"

"నిన్న ఆయన దోస్తులు తీస్కపోయిన్రు వదినె. అంత తుడిచేసి ఎవరికో ఇచ్చిన్రట." తర్వాత తనే అంది, "ఆ రాత్రి ఛాతీల నొప్పన్నడు. దవాఖానకు పోదాం పా అన్న. నుదుటికి గా తుపాకి వెట్టుకొని, ముప్పై ఆరుంది, నార్మలే అన్నడు. తెల్లారి లేవలే."

ఆవిడ చెప్పిన తీరులో ఏడుపు లేదు. నేను పక్కన కూర్చున్నాను. టీవీలో వచ్చే పాట సంగతి, నారపల్లి ఆవిడ సంగతి చెప్పాను. చివరి పాదం మీద అన్నయ్య మాటలు పడ్డాయి, అది పోయిందన్నాను.

"ఏడ పోయింది?" అంది వదిన. "పొద్దంత గదే పాట గదా. జ్వరమొచ్చినప్పుడు గూడ గదే." కళ్ళు మూసుకుని, మెల్లగా అంది.

*ఆకలైనా అడుగది, నువ్వే పిలువు వియ్యపురాలా.*

నేను ఫోన్ తీసి ఇంకొకసారి పాడించుకున్నాను. బయట టెంటు కింద ఎవరో మైకు పట్టుకుని అన్న గొప్పతనం చెబుతున్నారు.

స్టూడియోకి వచ్చి ఆ వీడియో దించుకుని కూర్చున్నాను. ఆయన గొంతు తీసేయాలని నాకొచ్చిన విద్యలన్నీ వాడాను. పాటా మాటా ఒకే శబ్దంలో కలిసిపోయాయి. ఆయన్ని తీస్తే ముసలావిడ గొంతు కూడా చిరిగిపోతోంది. చివరికి అలాగే ఉంచి, ఆఖర్న వదిన పాడిన పాదం విడిగా అతికించాను.

పెళ్ళికూతురి తల్లి వచ్చింది. విన్నది. ఈసారి ఏడవలేదు, పెదవులు కదుపుతూ ప్రతి ముక్కా పట్టుకుంది. రెండుసార్లు అయ్యాక అడిగింది, "నడుమ మాట్లాడుతున్నదెవరు బిడ్డా?"

చెప్పాను. పోయాడని కూడా చెప్పాను.

"అయ్యో! దేవునోలె దాచిండు గదా."

"దాచలేదమ్మా. అసలు పాడుచేసిందే ఆయన. ఆ ఆఖరి పాదం గుర్తుపెట్టుకుంది ఆయన భార్య."

"ఆమె గూడ మంచిదే," అంది ఆవిడ. "గని సచ్చిపోయినోణ్ణి ఏమనకు బిడ్డా. ఆయన లేకుంటె ఏడ దొరుకుతుండె? ఆయన మాటలు గూడ ఉండనియ్యి, తియ్యకు. ఫోటో ఉంటె పంపు, దండం వెట్టుకుంట."

పంపాను. ఆ ఫ్లెక్సీ ఫోటోనే, సాగదీసిన కళ్ళు, చేతిలో గన్నుతో సహా.

రెండు రోజులకి ఆవిడ నా ఫోన్‌కి ఒక వీడియో పంపింది. ముసలావిడని మంచం మీద కూర్చోబెట్టి, పాట వినిపిస్తూ తీశారు. వెనక నుంచి పెళ్ళికూతురి తల్లి గొంతు, "సూడు బిడ్డా, మా అవ్వ ఆయనను ఎట్ల దీవిస్తుందో!"

చూశాను. పాట నడుస్తున్నంతసేపూ ముసలావిడ కదల్లేదు. కన్ను ఆర్పలేదు. చివరి పాదం దగ్గర "అరె దిగింది! డెబ్బై ఒకటి!" అని ఆయన గొంతు లేవగానే, పడిపోని ఆ ఒక్క చెయ్యీ పైకి లేచింది. మళ్ళీ వేశారు. మళ్ళీ సరిగ్గా అక్కడే లేచింది.

ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళు చూసి, అక్షింతలు వేసే చేతులు కత్తిరించి అతికించి బతుకుతున్నదాన్ని. దీవించే చెయ్యి ముందుకొచ్చి కిందికి దిగుతుంది. ఆవిడ చెయ్యి చెవి దగ్గర నుంచి బయటికి విసురుగా కొట్టింది, అన్నం మీద వాలిన ఈగని తోలినట్టు.